ఆర్నెల్లు ఆగితే వస్తుంది

మా మనవడికి ఎనిమిదేళ్లు. కిందటేడు మెల్‌బోర్న్ వెళ్లేటప్పుడు వాడి బట్టలూ బొమ్మలూ రెండు పెట్టెల్లో పట్టాయి. పండు మాత్రం మా ఇంట్లో మిగిలింది. పండంటే మా లాబ్రడార్, వాడికన్నా రెండేళ్లు పెద్దది. శంషాబాద్‌కి కారెక్కేముందు వాడు గేటు ఊచలు వదల్లేదు. మా అమ్మాయి వంగి, “ఆర్నెల్లు ఆగు నాన్నా, పండు కూడా విమానమెక్కి వచ్చేస్తుంది” అంది. వాడు నమ్మకం చాలక నా వంక చూశాడు. నేను తలూపాను.

ఆ తలూపుడు గురించే ఈ వారం.

ఆర్నెల్లనేది మా అమ్మాయి గాల్లోంచి పుట్టించిన లెక్క కాదు. ఆస్ట్రేలియాలో కుక్కల రేబిస్ లేదు, రానివ్వకూడదన్నది వాళ్ల పట్టుదల. ఆమోదించిన దేశాల నుంచి తప్ప కుక్కల్నీ పిల్లుల్నీ దిగనివ్వరు. ఆ జాబితాలో మనం లేం. ముందు మైక్రోచిప్, తర్వాత రేబిస్ టీకా, ఆపైన టీకా పట్టిందో లేదో చూసే రక్తపరీక్ష. నమూనా ల్యాబుకి చేరిన రోజు నుంచి కనీసం 180 రోజులు ఆగాలి. అప్పుడైనా తిన్నగా వెళ్లడం కుదరదు. సింగపూర్ లాంటి ఆమోదిత దేశానికి ముందు చేర్చి, అక్కడి నుంచి బయల్దేరదీయాలి. దిగాక మెల్‌బోర్న్ శివార్లలోని మికిల్‌హామ్ ప్రభుత్వ క్వారంటైన్‌లో కనీసం 30 రోజులు.

ఇందులో మొహమాటాలు చెల్లవు. 2015లో జానీ డెప్ దంపతులు రెండు బుల్లి కుక్కల్ని సొంత విమానంలో గుట్టుగా దింపితే, వెనక్కి పంపకపోతే చంపించాల్సి వస్తుందని అప్పటి వ్యవసాయ మంత్రి బార్నబీ జాయిస్ గట్టిగా చెప్పాడు. కుక్కలు తిరుగు విమానమెక్కాయి. మరుసటేడు ఆ దంపతులు క్షమాపణ చెబుతూ వీడియో తీసుకోవాల్సి వచ్చింది. హాలీవుడ్ వాళ్లకే లేని మినహాయింపు మా పండుకెక్కడిది?

అమెరికా వెళ్లేవాళ్లకీ 2024 ఆగస్టు నుంచి పని పెరిగింది. ఇక్కడ టీకా వేయించిన కుక్కని ఎంపిక చేసిన కొద్ది విమానాశ్రయాల్లోనే దింపాలి. బ్రిటన్‌కైతే రక్తపరీక్ష తర్వాత మూడు నెలలు ఆగాలి.

అల్లుడి వీసా ఏడు వారాల్లో వచ్చేసింది. పండుకి మేం ఆ రక్తపరీక్షే చేయించలేదు, చేయించే ఉద్దేశమూ లేదు. ఇంటిల్లిపాదికీ తెలుసు, పిల్లవాడికి తప్ప.

పండుని ఉంచేయడం తప్పని నేననను. పదేళ్లు దాటిన లాబ్రడార్, మెట్లెక్కడానికే ఆయాసపడుతుంది. దాన్ని పెట్టెలో పెట్టి, విమానం అడుగున వేసి, దేశాలు మార్చి, చివర్లో నెల రోజులు ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య ఉంచడం మన ముచ్చట కోసం దాన్ని బాధపెట్టడమే. వాచ్‌మన్ చేతిలో డబ్బు పెట్టి కుక్కని అపార్ట్‌మెంటు గేటు బయటే వదిలిపోయినవాళ్లూ మా వీధిలో ఉన్నారు. వాళ్లకన్నా మేం నయం కదా అని సర్దిచెప్పుకున్నాం. మా తప్పల్లా పిల్లవాడితో ఆడిన మాటలో ఉంది.

వాడు అక్కడ క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటూ వచ్చాడట. నాలుగో నెలలో వాడి క్లాసులో న్యూజిలాండ్ కుర్రాడొకడు చేరాడు, కుక్కతో సహా వచ్చి. న్యూజిలాండ్ కుక్కలకి ఆస్ట్రేలియాలో క్వారంటైన్ లేదు, దిగితే నేరుగా ఇంటికే. వాళ్ల కుక్కకి లేని ఆర్నెల్లు మన కుక్కకెందుకని వీడు ఇంట్లో అడిగాడు. మాట దాటేశారు. టీచర్ని అడిగితే ఆవిడ ప్రభుత్వ జాబితా తెరిచి, అందులో మన దేశం లేదని చూపించింది. ఆవిడకేం తెలుసు మన ఇళ్లలో సంగతులు!

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో వాడు ఏడవలేదు. “తాతయ్యా, నీక్కూడా తెలుసా?” అన్నాడు. తెలుసన్నాను, తప్పయిందన్నాను. ఇంకేం మాట్లాడాలో తోచక పండుని ఫోను ముందుకి లాగాను. అది తెరని మూచూసి, వాసనేమీ తగలక, వెళ్లి చాప మీద పడుకుంది. కాసేపటికి వాడు “పండూ, దా” అన్నాడు. అంతే, చెవులు నిక్కబొడుచుకుని లేచి, కుంటుకుంటూ పరిగెత్తింది. ఫోను దగ్గరికి కాదు, గేటు దగ్గరికి.

వాడు స్కూల్లో తొందరగా కలవాలని అక్కడ తల్లీతండ్రీ ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నారు. నాతో కూడా వాడిప్పుడు సగం ఇంగ్లీషే. పండుతో మాత్రం పూర్తిగా తెలుగు. స్కూల్లో ఎవడు తోశాడో, లంచ్ బాక్సులో పులిహోర చూసి ఎవరు నవ్వారో మాకు తెలిసింది అలాగే, వాడు దానితో చెప్పుకుంటుంటే పక్కన కూర్చుని విని.

మా అల్లుడు కుక్కపిల్లని కొంటానంటున్నాడు. విక్టోరియా రాష్ట్రంలో 2020 నుంచి, సరైన కారణం లేకుండా ఇంటి యజమాని అద్దెవాళ్ల పెంపుడు జంతువుల్ని కాదనడానికి వీల్లేదట. యజమాని ఒప్పుకుంటాడేమో గానీ మనవడు ఒప్పుకోలేదు. ఇప్పుడే వద్దన్నాడు. తండ్రి గుచ్చిగుచ్చి అడిగితే, “నువ్వు నిజంగా కొంటావో లేదో నాకు తెలీదు కదా” అన్నాడు.

విదేశానికి కాగితాలు పెట్టుకుంటున్నవాళ్లు కుక్క టీకా పుస్తకం కూడా ఆ రోజే బయటికి తీయండి. తీసుకెళ్లేదీ లేనిదీ ఆ వారంలోనే తేల్చుకుని, తేలింది పిల్లలకి చెప్పండి. ఏడుస్తారు. ఆ ఏడ్పేదో కుక్క పక్కన ఉండగానే ఏడవనివ్వండి.