ఆడలేక మద్దెల ఓడు

ఇంట బీరు చేసుకొనేవారి నోట తరచు వినవచ్చే ఫిర్యాదు ఒకటున్నది: "హైడ్రోమీటరు అబద్ధం చెబుతోంది." అమెరికాలో 1978 నాటి సమాఖ్య చట్టం ఇంటి బీరుకు దారి తెరిచిన తరువాత పుస్తకాలకూ సామగ్రికీ కొదవ లేదు, కొదవల్లా ఓపికకే. గాజుబుడ్డికి అబద్ధమాడే తెలివి ఎక్కడిది? తాను తేలుతున్న ద్రవం ఎంత చిక్కనో అంతే చెబుతుంది. అడగవలసిన తీరున అడగకపోవడమే మన దోషం.

మొదటిది వేడిమి. ఏ ఉష్ణోగ్రతకు సరిచేశారో సాధారణంగా సాధనం మీదే రాసి ఉంటుంది: కొన్నింటికి 20 డిగ్రీల సెల్సియస్, మరికొన్నింటికి 15.6. 20కి సరిచేసిన దానిని 30 డిగ్రీల ద్రవంలో ముంచితే దాదాపు 0.0025 తక్కువ చూపుతుంది. 60 డిగ్రీల వోర్టులోనైతే 1.050 కాస్తా 1.035 దరికి దిగజారుతుంది. సవరణ పట్టికలున్నాయి కదా అంటారు. చిన్న తేడాలకు సరే. అంత వేడికి నమూనాను చల్లార్చుకోవడమే మేలు.

రెండవది వాయువు. పులుస్తున్న ద్రవంలోని బుడగలు బుడ్డికి అంటుకొని పైకెత్తుతాయి, అంకె పెరుగుతుంది. వేడి తగ్గించి, బుడగ పెంచి, రెండు తప్పులు కలిసి ఒక ఒప్పులా కనిపించిన రోజున మన అజ్ఞానానికి పట్టాభిషేకమే! నమూనాను అటూ ఇటూ పోసి వాయువు వదిలించాలి. బుడ్డిని ఒకసారి గిర్రున తిప్పాలి. కంటిని ద్రవమట్టానికి దించి, గాజును పట్టి పైకి పాకిన అంచును కాక, అసలు మట్టాన్ని చదవాలి.

"ఇంత చాదస్తమా? పూర్వులు నాలుకతోనే చేయలేదా?" అనేవారున్నారు. చేశారు. 1784లో ఇంగ్లండులో జాన్ రిచర్డ్‌సన్ ఈ సాధనంతో బీరు తయారీని కొలిచి పుస్తకం రాశాడు. చవకదనుకున్న గోధుమరంగు మాల్టు కంటె లేతరంగు మాల్టే ఎక్కువ సారమిస్తుందని తయారీదారులకు తేటపడింది ఇటువంటి కొలతలతోనే. నాలుక చెప్పలేనిది అంకె చెప్పింది.

ఇది రుచి తగాదా మాత్రమే కాదు. వెచ్చని నమూనాలో 1.010 చూసి పులియడం ముగిసిందనుకుంటాం. నిజానికి అది 1.0125. సీసాలో మనం వేసే చక్కెరకు ఆ మిగిలిన చక్కెర తోడవుతుంది. ఈస్టు దానినీ తింటుంది, ఒత్తిడి పెరుగుతుంది, సీసా పేలుతుంది. గాజుపెంకు ఎవరి కంట పడుతుందో ఏ పట్టికా చెప్పదు. అందుకే రెండు మూడు రోజుల ఎడంతో, ఒకే ఉష్ణోగ్రతలో తీసిన కొలతలు మారకుండా, ఆశించిన అంకె దరిదాపుల్లో నిలిచేదాకా సీసాల జోలికి పోరాదు.

ఇంకా సాధనం మీదే అనుమానమా? దానికి చెప్పిన ఉష్ణోగ్రత వద్ద డిస్టిల్డు నీటిలో తేల్చి చూడండి. 1.000 చూపకపోతే ఆ తేడా రాసిపెట్టుకొని ప్రతిసారీ సరిచేసుకోండి. చూపితే, మద్దెలను తిట్టడం మానండి. కాదనేవారు నిరభ్యంతరంగా వాదించవచ్చు. నమూనా చల్లారిన తరువాత.