రక్తానికి చుట్టరికం అడగొద్దు

రక్తదానం మాటెత్తితే ఎవరైనా చెప్పే జవాబు ఒకటే: ‘మనవాళ్ళకు అవసరం పడితే ఇవ్వకుండా ఉంటామా?’ ఇందులో కపటం లేదు. ఆపద వేళ రక్తమివ్వడానికి వెనకాడేవాళ్ళు మనలో తక్కువే. బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర వినిపించే మాట దీనికి జోడీ: ‘యూనిట్ ఇస్తాం గానీ, మీ తాలూకు మనిషినొకరిని పంపించండి.’ ఇచ్చేవాడు నావాళ్ళకే ఇస్తానంటాడు, కావలసినవాణ్ణి నీవాళ్ళనే తెచ్చుకోమంటారు. రక్తమంటే రోగికీ అతని బంధువులకూ మధ్య తేలవలసిన లెక్క అన్న నమ్మకం రెండు మాటల వెనకా ఉంది. అది ఎంత సహజంగా కనిపిస్తుందంటే, దాన్ని ప్రశ్నించాలని కూడా ఎవరికీ తోచదు. జనానికి దయ తగ్గిందని, యువతకు సేవాభావం లేదని ప్రతి వేసవిలో వాపోతుంటాం. దయకు లోటు లేదు. చుట్టరికం గీతలోపలే ఆ దయను కట్టేసిన ఈ నమ్మకమే మన హైదరాబాద్ నగరంలో రక్తం కొరతను పెంచి పోషిస్తున్నదని నా వాదన.

ఈ పద్ధతి బరువు ఎవరిమీద పడుతుందో తెలియాలంటే అబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల చూస్తే చాలు. నాంపల్లి స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో, రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రి ఉంది. తనకు సేవచేసిన అమ్మాయి కాన్పులో చనిపోయిందన్న దుఃఖంతో నిజాం కోడలు నిలోఫర్ పూనుకొని పెట్టించిన ఆసుపత్రి అది. 1955లో మొదలైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి కూడా రెడ్‌హిల్స్‌లోనే. అబిడ్స్ దాటి కోఠీ వైపు వెళితే సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రి, మూసీ ఒడ్డుకు వెళితే ఉస్మానియా. కాన్పులో రక్తస్రావమైన తల్లి, నెలలు నిండకుండా పుట్టిన పసికందు, కీమోతో ప్లేట్‌లెట్లు పడిపోయిన పిల్లవాడు, రోడ్డు ప్రమాదంలో నుజ్జయిన మనిషి, రక్తం అత్యవసరమయ్యే వీళ్ళందరూ ఈ కొద్ది కిలోమీటర్ల మేరలోనే ఉంటారు. వీళ్ళలో చాలామంది ఈ ఊరివాళ్ళు కారు. ఆదిలాబాదు నుంచో నారాయణపేట నుంచో నల్లగొండ నుంచో రైలో బస్సో దిగి వస్తారు. వెంట వచ్చేది ఒకరో ఇద్దరో: భార్యో, తల్లో, ముసలి మామో. నగరంలో వాళ్ళకు ముఖపరిచయం ఉన్న మనిషి కూడా ఉండడు. అలాంటివాళ్ళ చేతిలో చీటీ పెట్టి ఇద్దరు దాతలను తెమ్మనడమంటే, ఈ నగరంలో నీకు ఎవరూ లేరు గనుక నీ వైద్యం ఆగుతుందని చెప్పడమే.

ఆ వచ్చిన ఒక్కరైనా రక్తం ఇవ్వగలరా? వేలి కొసన సూదితో పొడిచి, ఒక్క చుక్కను నీలం రంగు మైలుతుత్తం ద్రావణంలోకి వదులుతారు. చుక్క గబగబా మునిగితే డెసిలీటరుకు కనీసం 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్నట్టు. తేలిందా, ఆ మనిషి పనికిరాడు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ళ స్త్రీలలో సగానికి మించి రక్తహీనతతో ఉన్నారు. గర్భిణులు కాని స్త్రీలకు రక్తహీనత గీత 12 దగ్గర ఉంటే, దాతకు గీత 12.5 దగ్గర ఉంది. అంటే రక్తహీనత లేదని తేలిన స్త్రీలలో కూడా కొందరి చుక్క తేలిపోతుంది. బరువు 45 కిలోలకు తగ్గకూడదన్న నియమం మరికొందరిని పక్కకు నెడుతుంది. పోషణ సరిగా లేనివాళ్ళ దగ్గరకే పోయి రక్తం అడుగుతున్నాం. అడిగి, వాళ్ళు ఇవ్వలేకపోతే అది వాళ్ళ లోపమన్నట్టు చూస్తున్నాం. ఇక మిగిలే దారి దళారి. 1996 జనవరి 4న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, రక్తం అమ్ముకునేవాళ్ళ దగ్గర రక్తం తీసుకోవడం 1998 జనవరి 1 నుంచి ఆగిపోవాలి. ‘మనిషిని తెచ్చుకో’ అన్న షరతు ఆ నిషేధానికి దొడ్డిదారి తెరిచింది. డబ్బు పుచ్చుకుని వచ్చినవాడు రోగికి మేనమామనని ఫారంలో రాయిస్తే, కౌంటర్లో కూర్చున్న ఉద్యోగి దాన్ని అబద్ధమని ఎలా తేల్చగలడు? రక్తం అమ్మకాన్ని నిషేధించిన దేశంలోనే, కొనక తప్పని పరిస్థితిని పేదవాడి ముందు పెట్టాం.

అవసరమైనప్పుడు ఇస్తామన్న మాటలో ఇంకో పొరపాటు ఉంది. అది కాలానికి సంబంధించింది. చేతిలోంచి సంచీలోకి వచ్చిన రక్తం అప్పటికప్పుడు రోగి నరంలోకి పోదు. గ్రూపు చూడాలి. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయాలి. ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు విడదీయాలి. ఆపైన రోగి రక్తంతో సరిపోతుందో లేదో క్రాస్ మ్యాచ్ చేయాలి. దీనికంతా గంటలు పడతాయి. కాన్పు బల్లమీద రక్తం ధారకడుతున్న తల్లికి అన్ని గంటల వ్యవధి ఉండదు. 2007 ఆగస్టు 25 సాయంత్రం కోఠీ గోకుల్ చాట్‌లోనూ లుంబినీ పార్కులోనూ బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. అలాంటి రాత్రి ఆసుపత్రికి చేరిన క్షతగాత్రుణ్ణి కాపాడగలిగేది ఆ రాత్రి వరుసలో నిలబడినవాళ్ళ రక్తం కాదు. అంతకు వారం ముందో పది రోజుల ముందో, ఎవరికోసమో తెలియకుండా ఎవరో ఇచ్చిపోయిన రక్తం. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికా అంతటా జనం లక్షల యూనిట్లు ఇచ్చారు. క్షతగాత్రులకు వాడింది 300 యూనిట్ల లోపే. మిగిలినదాంట్లో గణనీయమైన భాగం గడువు తీరి పారబోయవలసి వచ్చింది. దాహమేశాక బావి తవ్వడం ఎంత అక్కరకొస్తుందో, ఆపద వచ్చాక చేసే రక్తదానం ఆ ఆపదకు అంతే అక్కరకొస్తుంది.

సొంతవాళ్ళ రక్తమే క్షేమం, ఎవరిదో తెలియనిది ఎక్కించుకోవడమెలా అని చాలామంది అంటారు. తెలిసిన మనిషి అన్న భరోసా మనసుకు నెమ్మదినిస్తుందేమోగానీ, రక్తానికి శుద్ధినివ్వదు. తమ్ముడు ఆపరేషన్ బల్లమీద ఉన్నప్పుడు, బంధువులందరూ చూస్తుండగా, దాతల ఫారంలో తన అలవాట్ల గురించి అడిగిన ప్రశ్నలకు అన్న నిజం రాయగలడా? రాయకపోతే ఇక పరీక్షే దిక్కు. కానీ వ్యాధి సోకిన తొలిరోజుల్లో పరీక్షకు చిక్కని ‘విండో పీరియడ్’ అనేది ఒకటుంది. దాని ముందు చుట్టరికం ఏమీ చేయలేదు. పైగా తల్లిదండ్రులు, తోబుట్టువుల రక్తం ఎక్కిస్తే దాతలోని తెల్లకణాలు రోగి శరీరంపై తిరగబడే అరుదైన ప్రమాదం ఉంది గనుకనే, అలాంటి రక్తాన్ని ముందు రేడియేషన్‌కు గురిచేయమని వైద్యశాస్త్రం చెబుతుంది. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. శిబిరానికి మొదటిసారి వచ్చిన అపరిచితుడు కూడా, రోగి వెంట వచ్చిన బంధువు కంటే తప్పనిసరిగా క్షేమమని చెప్పలేం. అసలు తేడా మొదటిసారి ఇచ్చినవాడికీ మళ్ళీ మళ్ళీ ఇచ్చేవాడికీ మధ్య ఉంది. ప్రతి మూడు నాలుగు నెలలకూ వచ్చేవాడి రక్తానికి ప్రతిసారీ పరీక్ష జరుగుతుంది, దాచవలసిన ఒత్తిడి అతనికి ఉండదు. బంధువును పిలిపించే పద్ధతి ఇలాంటి దాతను తయారుచేయలేదు. రోగి ఇంటికి వెళ్ళిపోగానే బంధువు కూడా వెళ్ళిపోతాడు.

బ్లడ్ బ్యాంకుల వాళ్ళ అభ్యంతరం ఇంతకంటే బరువైనది. ‘బదులు మనిషిని అడగకపోతే రేపు మా ఫ్రిజ్ ఖాళీ. ఎల్లుండి వచ్చే రోగికి ఏమివ్వాలి?’ అని వాళ్ళడుగుతారు. ఆ భయం న్యాయమైనదే. ఈ పద్ధతిని రేపు ఉదయానికల్లా ఆపేయమని నేననను. కానీ 2002లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన జాతీయ రక్తవిధానమే ఈ బదులు దాతలను ఒక గడువు పెట్టుకుని తగ్గిస్తూ, పూర్తిగా స్వచ్ఛంద దాతల మీదే ఆధారపడాలని చెప్పింది. రెండు దశాబ్దాలు దాటాయి. శ్రీలంక 2014 నాటికే నూటికి నూరుపాళ్ళు స్వచ్ఛంద దాతల రక్తంతో బ్లడ్ బ్యాంకులను నడపగలిగింది. మనకు సాధ్యపడకపోవడానికి ఈ పద్ధతే ఒక కారణం. ‘ఇప్పుడు ఊరికే ఇచ్చేస్తే, రేపు మా ఇంట్లో అవసరమొస్తే ఎవరిస్తారు?’ అని మనిషి తన రక్తాన్ని దాచుకునేలా అదే నేర్పింది. కొరత వల్ల షరతు పెట్టాం, షరతు వల్ల జనం దాచుకుంటున్నారు, దాచుకోవడంతో కొరత పెరుగుతోంది. అరుదైన గ్రూపుల సంగతి వేరు. నెగిటివ్ గ్రూపులకు, బాంబే గ్రూపుకు ఫోన్ చేసి దాతను పిలవక తప్పదు. అయినా పిలిచేది ముందే పేరు రాయించుకున్న దాతనే గానీ, రోగి చుట్టాన్ని కాదు.

రక్తం ఇస్తే నీరసిస్తామన్న భయం దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. తీసుకునేది 350 మిల్లీలీటర్లు, బరువు ఎక్కువున్నవాళ్ళకు 450. అందులోని నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో, కణాలు కొన్ని వారాల్లో తిరిగి వస్తాయి. మగవాళ్ళకు 90 రోజులు, ఆడవాళ్ళకు 120 రోజుల ఎడం పెట్టింది అందుకే. కానీ ‘మనం ఊరికే ఇస్తాం, వాళ్ళు వేలకు అమ్ముకుంటారు’ అన్న అనుమానాన్ని అలా తోసిపుచ్చకూడదు. పరీక్షలకు, సంచులకు, నిల్వకు ఖర్చవుతుంది. అందుకే సేవా రుసుము తీసుకోవచ్చు, రక్తానికి ధర కట్టకూడదు. ఎర్రకణాల యూనిట్‌కు జాతీయ రక్తమార్పిడి మండలి 2022లో ఖరారు చేసిన గరిష్ఠ రుసుము ప్రభుత్వ రంగంలో 1,100 రూపాయలు, ప్రైవేటులో 1,550. అంతకు మించి వసూలు చేయరాదని ఔషధ నియంత్రణ అధికారులు రాష్ట్రాలకు మళ్ళీ రాసిన సంగతి 2024 జనవరిలో పత్రికలకెక్కింది. తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా రోగులకు ఉచితంగా ఇవ్వాలి. ఈ అంకెలు ప్రతి కౌంటర్ ముందూ తెలుగులో, ఉర్దూలో పెద్దక్షరాలతో ఉండాలి. దాత నమ్మకం నిలవాలంటే ఉపన్యాసాల కంటే ఆ బోర్డు ఎక్కువ పనిచేస్తుంది.

నాయకుల పుట్టినరోజు శిబిరాల్లో సేకరించిన రక్తం పాడైపోతోంది కదా అని ఇంకొందరంటారు. వాళ్ళు చూపే లోపం నిజమే. సంచీలో పోసే ద్రావణాన్ని బట్టి ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు నిలుస్తాయి, ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఒక్కరోజున వందలమంది ఇచ్చి మూడు నెలలు ఎవరూ రాకపోతే వృథా తప్పదు. దీనికి విరుగుడు శిబిరాలు మానడం కాదు, వంతులు వేసుకోవడం. తలసీమియా ఉన్న ఒక బిడ్డకు మూడు వారాలకోసారి ఒక యూనిట్ ఎక్కించాలనుకుందాం. ఏడాదికి 17 లేదా 18 యూనిట్లు. ఆరోగ్యంగా ఉన్న మగవాడు ఏడాదికి నాలుగుసార్లు ఇవ్వవచ్చు గనుక, ఐదుగురు వంతులవారీగా వస్తే ఆ బిడ్డకు ఏడాదంతా లోటుండదు. జగదీష్ మార్కెట్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాళ్ళు, చిరాగ్ అలీ గల్లీ దుకాణాల వాళ్ళు, జీపీఓ, గన్‌ఫౌండ్రీ బ్యాంకుల ఉద్యోగులు, నాంపల్లి కోర్టుల లాయర్లు, గుమస్తాలు, రెండు పెద్ద పార్టీల ఆఫీసుల్లో తిరిగే కార్యకర్తలు ఈ ప్రాంతంలోనే రోజంతా ఉంటారు. ఒక్కో మార్కెట్ సంఘం, ఒక్కో ఆఫీసు ఏడాదిలో ఒక వారం తనదని రాసిస్తే చాలు. కాలేజీలకు సెలవులిచ్చి విద్యార్థులు ఊళ్ళకెళ్ళే ఏప్రిల్, మే నెలలను ముందుగా దుకాణాలూ ఆఫీసులూ పంచుకోవాలి, ఎందుకంటే శిబిరాలు పలచబడేది అప్పుడే.

బ్లడ్ బ్యాంకులు చేయవలసింది కూడా చిన్నదేమీ కాదు. రోగి తాలూకు మనిషి చేతికిచ్చే చీటీలో బదులు దాత గడిని తీసేయాలి. అంతవరకూ కనీసం మొదటి మెట్టుగా, వేరే జిల్లా నుంచి వచ్చినవాళ్ళకూ, ప్రసూతి కేసులకూ, క్యాన్సర్ పిల్లలకూ ఆ షరతు వర్తించదని రాసిపెట్టాలి. 18 ఏళ్ళు నిండిన ఆరోగ్యవంతుడైన బంధువు ఉంటే, ఈ రోజు నీ తమ్ముడి కోసం ఇవ్వమని అడగకుండా, మూడు నెలల తర్వాత నీ ఊరికి దగ్గర్లోని కేంద్రంలో ఎవరికోసమైనా ఇవ్వమని పేరు, తేదీ రాయించుకోవాలి. ఆ తేదీ దగ్గరపడ్డాక ఫోన్ చేసి గుర్తుచేయడానికి ఒక ఉద్యోగిని పెట్టుకోవాలి. ఆదిలాబాదు వెళ్ళిపోయిన బంధువు ఆదిలాబాదులో ఇస్తాడు, రెడ్‌హిల్స్‌లోని వాళ్ళ పిల్లవాడికి అబిడ్స్‌వాళ్ళు ఇస్తారు. ప్రతి రాష్ట్రంలోనూ రక్తమార్పిడి మండలి ఉండాలని చెప్పింది కూడా ఆ 1996 తీర్పే. ఏ బ్లడ్ బ్యాంకు ఏ ఏడాది ఎందరు బంధువుల నుంచి తీసుకుంది, ఎందరు మళ్ళీ మళ్ళీ వచ్చే దాతల నుంచి తీసుకుంది అన్న లెక్కను తెలంగాణ మండలి ఏటా బయటపెట్టాలి, రెండో అంకె పెరగని చోట ఎందుకు పెరగలేదో సంజాయిషీ అడగాలి.