శిశువు పక్కన తల్లికి మంచమేదీ?

నెలలు నిండకుండా పుట్టిన పసికందులను కాపాడడానికి ఆధునిక వైద్యం ఎన్నో యంత్రాలను సమకూర్చింది. వాటివల్ల లెక్కకు మిక్కిలి ప్రాణాలు నిలిచాయన్నది నిర్వివాదాంశం. అయితే ఆ యంత్రాలతోపాటే ఒక ఆచారం కూడా ఆసుపత్రులలో పాతుకుపోయింది. బిడ్డ ప్రత్యేక చికిత్సా విభాగంలో ఉంటుంది, తల్లి ప్రసూతి వార్డులో ఉంటుంది. ఇద్దరి మధ్యా మూసిన తలుపు, ఆ తలుపుపై సందర్శన వేళల పట్టిక ఉంటాయి. బిడ్డ మేలు కోరే ఈ ఎడబాటు అని దశాబ్దాలపాటు వైద్యులూ నమ్మారు, తల్లులూ నమ్మారు. ఆ నమ్మకాన్ని తలకిందులు చేసిన పరిశోధనలలో ముఖ్యమైనవి దేశ రాజధాని ప్రాంతంలోనే జరిగాయి. వాటి దరిమిలా ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాలనే మార్చుకుంది. మన ఆసుపత్రుల కట్టడాలు, నిబంధనలు, పద్దులు మాత్రం అదే వేగంతో మారడం లేదు. తల్లి ఒడి కూడా చికిత్సేనని అంగీకరించిన తరువాత, ఆ చికిత్సకు కావలసిన మంచం వేయడం ప్రభుత్వ బాధ్యత అవుతుంది.

తొలి నెలలోనే గండం

సమస్య ఎంత తీవ్రమైనదో అంకెలే చెబుతాయి. 2020లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1.34 కోట్ల మంది శిశువులు నెలలు నిండకుండా పుట్టారని అంచనా. వారిలో సుమారు 30 లక్షల మంది భారతదేశంలో పుట్టినవారే. మరే దేశంలోనూ ఇంత సంఖ్య లేదు. 2020 నాటి నమూనా రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం, సజీవంగా పుట్టిన ప్రతి 1,000 మంది శిశువులలో 20 మంది 28 రోజులు నిండకుండానే కన్నుమూశారు. అదే ఏడాది మొత్తం శిశు మరణాల రేటు 28. అంటే తొలి పుట్టినరోజు చూడకుండా పోయిన ప్రతి పదిమందిలో ఏడుగురు మొదటి నెలలోనే పోయారన్నమాట. 2030 నాటికి నవజాత శిశు మరణాల రేటును ఒక అంకెకు తగ్గించాలని 2014లో రూపొందించిన జాతీయ నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక లక్ష్యంగా పెట్టుకుంది. ఆ గడువు ఎంతో దూరంలో లేదు.

తక్కువ బరువు శిశువు ప్రాణానికి ప్రధాన శత్రువులు మూడు: ఊపిరి అందకపోవడం, ఒళ్లు చల్లబడిపోవడం, రక్తంలో ఇన్‌ఫెక్షన్ చేరడం. మొదటిదానికి యంత్రాల సాయం తప్పనిసరి. మిగిలిన రెండింటినీ ఎదుర్కొనే శక్తి తల్లి దేహానికి గణనీయంగా ఉందని బొగోటాలో 1970ల చివరి సంవత్సరాలలో తొలిసారి గుర్తించారు. కొలంబియా రాజధానిలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఇన్‌క్యుబేటర్లు చాలక, ఇన్‌ఫెక్షన్లు ప్రబలినప్పుడు ఎడ్గార్ రే సనాబ్రియా అనే శిశువైద్యుడు తల్లుల ఒంటి వెచ్చదనాన్నే ఆశ్రయించారు. హెక్టర్ మార్టినెజ్ ఆ కృషిని ముందుకు తీసుకుపోయారు. దానికే కంగారూ సంరక్షణ అని పేరు వచ్చింది. పద్ధతి సులభమే. బిడ్డను తల్లి రొమ్ముల మధ్య నిటారుగా, చర్మానికి చర్మం ఆనేలా ఉంచి, జారిపోకుండా గుడ్డ చుట్టి, తల్లిపాలు మాత్రమే పట్టాలి.

వైద్యలోకం క్రమంగా ఈ పద్ధతిని ఆమోదించింది గాని, ఒక షరతు విధించింది. బిడ్డ ఆరోగ్యం నిలకడకు వచ్చిన తరువాతే తల్లికి అప్పగించాలన్నది ఆ షరతు. అంతవరకూ బిడ్డ యంత్రాల సంరక్షణలోనే ఉండాలి. అయితే తక్కువ బరువు శిశువుల మరణాలలో అధిక భాగం ఆ నిలకడ రాకముందే సంభవిస్తున్నాయి. మందు ఉన్నది, అది అందవలసిన సమయంలో అందడం లేదు అన్న పరిస్థితి ఏర్పడింది.

సఫ్దర్‌జంగ్ నేర్పిన పాఠం

ఆ షరతు నిజంగా అవసరమా అన్న ప్రశ్నకు సమాధానం వెదుకుతూ ప్రపంచ ఆరోగ్య సంస్థ సమన్వయంతో ఒక పరిశోధన జరిగింది. భారత్, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాలలోని అయిదు ఆసుపత్రులు అందులో పాలుపంచుకున్నాయి. మన దేశం నుంచి పాల్గొన్నది ఢిల్లీలో ఎయిమ్స్‌కు ఎదురుగా ఉన్న సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. నిరుపేదలతో నిత్యం కిటకిటలాడే కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రి అది. 2017 నవంబర్ నుంచి 2020 జనవరి వరకు, కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన 3,211 మంది శిశువులను యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టులోని శిశువులను పుట్టిన వెంటనే తల్లి గుండెలపైకి చేర్చారు. వారు రోజుకు దాదాపు 17 గంటలు ఆ పొత్తిళ్లలోనే గడిపారు. రెండో జట్టుకు అప్పటికి అమలులో ఉన్న పద్ధతి ప్రకారమే చికిత్స చేశారు. వారికి ఆ విభాగంలో ఉన్న రోజుల్లో దక్కిన తల్లి స్పర్శ రోజుకు గంటన్నర మాత్రమే.

2021లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన ఫలితాలు కళ్లు తెరిపించేవి. పాత పద్ధతిలో 28 రోజుల లోపు 15.7 శాతం శిశువులు మరణించగా, వెంటనే తల్లి ఒడికి చేరినవారిలో మరణాలు 12 శాతానికి పరిమితమయ్యాయి. అంటే మరణాల ముప్పు నాలుగింట ఒక వంతు తగ్గింది. మరోలా చెప్పాలంటే, 27 మంది శిశువులకు ఈ సంరక్షణ అందిస్తే ఒక ప్రాణం అదనంగా నిలుస్తుంది. మేలు ఇంత స్పష్టంగా కనిపించడంతో, రెండో జట్టు శిశువులకు దాన్ని నిరాకరించడం న్యాయం కాదని భావించి పర్యవేక్షక సంఘం అనుకున్న గడువుకు ముందే పరిశోధనను ఆపించింది. 2022 నవంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పాత షరతును తొలగించి, పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ ప్రారంభించాలని సిఫార్సు చేసింది.

ఈ పరిశోధన కోసం సఫ్దర్‌జంగ్‌లో మారినదేమిటన్నది ముఖ్యంగా గమనించవలసిన అంశం. కొత్త ఔషధమేదీ రాలేదు. శిశువుల చికిత్సా విభాగంలోనే తల్లులకు మంచాలు వేశారు. బిడ్డకు ఆక్సిజన్, సెలైన్ వంటివి అందుతూ ఉండగానే తల్లి దగ్గర ఉంచారు. కాన్పు తరువాత తల్లికి కావలసిన వైద్యాన్ని కూడా అక్కడికే తెచ్చారు. తల్లి ఉండలేని వేళల్లో ఆమె ఎంచుకున్న బంధువు ఆ బాధ్యత తీసుకున్నారు. ప్రసూతి వైద్యులూ, శిశువైద్యులూ తమ శాఖల మధ్య గోడలను దాటి ఒకే గదిలో పనిచేయవలసి వచ్చింది. ఖర్చు కంటే కష్టమైన మార్పు బహుశా ఇదే.

ఇన్‌ఫెక్షన్ భయం ఎంత నిజం?

తల్లులను లోపలికి రానిస్తే ఇన్‌ఫెక్షన్లు పెరుగుతాయన్నది ఇందుకు తరచుగా వినిపించే అభ్యంతరం. దాన్ని కొట్టిపారేయనక్కరలేదు. నవజాత శిశువులకు ఇన్‌ఫెక్షన్ ఎంత ప్రమాదకరమో ఢిల్లీలోనే జరిగిన మరో పరిశోధన వెల్లడించింది. 2011 నుంచి 2014 వరకు నగరంలోని మూడు పెద్ద ఆసుపత్రులలో పుట్టి, ప్రత్యేక చికిత్సా విభాగాలలో చేరిన 13,530 మంది శిశువులను వైద్యులు పరిశీలించారు. వారిలో 14.3 శాతం మందికి సెప్సిస్ సోకింది. రక్త పరీక్షలో సూక్ష్మజీవి రుజువైన కేసులలో దాదాపు సగం మంది శిశువులు మరణించారు. ఆ సూక్ష్మజీవులలో పెక్కు బలమైన యాంటీబయాటిక్‌లకు సైతం లొంగలేదు. 2016లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో ప్రచురితమైన ఈ నివేదికలో గమనార్హమైన విషయం మరొకటి ఉంది. మూడింట రెండు వంతుల కేసులు పుట్టిన తొలి మూడు రోజుల్లోనే బయటపడ్డాయి.

ఆ మూడు రోజులూ బిడ్డ తల్లికి దూరంగా, పలువురి చేతుల మీదుగా గడిపే రోజులే. తల్లిని లోపలికి అనుమతించిన అయిదు దేశాల పరిశోధనలో సెప్సిస్ అనుమానిత కేసులు పెరగకపోగా 27.8 శాతం నుంచి 22.9 శాతానికి తగ్గాయి. దీనికి పరిశోధకులు సూచించిన కారణాలు సహేతుకంగానే ఉన్నాయి. తల్లి చర్మం మీది హానిరహిత సూక్ష్మజీవులు బిడ్డకు ముందుగా సంక్రమించి రక్షణ కల్పిస్తాయి. తల్లిపాలు తొందరగా అందుతాయి. బిడ్డను తాకే ఇతరుల చేతులు తగ్గుతాయి. చేతులు శుభ్రం చేసుకునే అలవాటు తల్లికి నేర్పవలసిందే, స్నానానికి వసతి కల్పించవలసిందే. ఆ వసతి కల్పించలేక తల్లినే బయట నిలబెట్టడం మాత్రం సమర్థనీయం కాదు.

ఆసుపత్రి గడప దాటిన తరువాత ఈ సంరక్షణ సాగుతుందా అన్న సందేహానికి ఢిల్లీ పొరుగునే సమాధానం దొరికింది. హర్యానాలోని ఫరీదాబాద్, పల్వల్ జిల్లాలలో 2015 నుంచి 2018 వరకు 8,402 మంది తక్కువ బరువు శిశువులపై అధ్యయనం జరిగింది. 1,500 నుంచి 2,250 గ్రాముల బరువుండి, స్థిమితంగా ఉన్న శిశువులకు ఇళ్లలోనే కంగారూ సంరక్షణ అందించేలా తల్లులకు శిక్షణ ఇచ్చారు. 2019లో లాన్సెట్‌లో వెలువడిన ఫలితాల ప్రకారం తొలి 28 రోజుల మరణాల ముప్పు 30 శాతం, ఆరు నెలల లోపు మరణాల ముప్పు 25 శాతం తగ్గాయి. పల్లె ఇంట్లో అక్షరం రాని తల్లి సైతం చేయగలిగిన సేవ ఇది. కావలసింది ఆమెకు చెప్పేవారు, వెన్నంటి ఉండేవారు.

యంత్రాలకు బదులు కాదు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తల్లి ఒడి ఉంటే ఇక యంత్రాలతో, నర్సులతో పనిలేదని ఏ ప్రభుత్వమైనా అర్థం చేసుకుంటే అది ఘోరమైన పొరపాటవుతుంది. పుట్టిన గంటకు కూడా సొంతంగా ఊపిరి తీయలేని శిశువులను ఈ పరిశోధనలో చేర్చుకోలేదు. పాల్గొన్న ఆసుపత్రులలో శ్వాసకు సాయపడే పరికరాలు, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నారు. తల్లి సంరక్షణ వాటికి తోడైనప్పుడే ఈ ఫలితం వచ్చింది. నర్సుల కొరతను తల్లుల శ్రమతో పూడ్చుకోవాలని చూస్తే తల్లికీ, బిడ్డకూ అన్యాయమే జరుగుతుంది.

తల్లి మీద పడే భారాన్ని కూడా విస్మరించరాదు. కాన్పు అయిన కొన్ని గంటలకే, అందునా శస్త్రచికిత్స జరిగిన ఒంటితో, రోజుకు 17 గంటలు బిడ్డను గుండెలపై మోయడం తేలికైన పని కాదు. ఇంటి దగ్గర పెద్దపిల్లలు ఉంటారు. కూలి పోతుంది. ఇంట్లోని ఆడవారితోపాటు తండ్రి కూడా ఈ బాధ్యత పంచుకోవాలి. చర్మ స్పర్శతో వెచ్చదనం ఇవ్వడానికి తండ్రి ఛాతీ కూడా పనికివస్తుంది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగినా, ఆ సౌకర్యం ప్రధానంగా సంఘటిత రంగంలోని మహిళలకే దక్కింది. ఇటుక బట్టీలలో, పొలాలలో పనిచేసే తల్లికి అది అందని పండే.

చేయవలసినవి

2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రభుత్వాసుపత్రులలో తల్లికి ఉచిత భోజనాన్ని సహజ కాన్పుకు మూడు రోజులు, శస్త్రచికిత్సకు ఏడు రోజులుగా నిర్దేశించింది. కిలోన్నర బరువుతో పుట్టిన బిడ్డ ఆసుపత్రిలో వారాల తరబడి ఉండవలసి రావచ్చు. తల్లిని డిశ్చార్జి చేసిన మరుక్షణం ఆమె రోగి కాదు, లెక్కల్లో లేదు. వరండాలోనో, చెట్టు కిందో కాలం గడపవలసిన అతిథి. బిడ్డ ఇంటికి వెళ్లే రోజు వరకు తల్లికి మంచం, భోజనం ఉచితంగా ఇవ్వాలన్నది దేశమంతటా అమలయ్యే నిబంధన కావాలి.

నవజాత శిశు విభాగాలకు కొత్తగా కట్టే ప్రతి భవనంలో శిశువు తొట్టి పక్కన తల్లి మంచానికి స్థలం విధిగా చూపాలి. వార్మర్‌ల సంఖ్యతోపాటు తల్లుల మంచాల సంఖ్యను కూడా ఆసుపత్రి ప్రమాణాలలో చేర్చాలి. ప్రసూతి, శిశువైద్య శాఖల ఉమ్మడి బాధ్యతను రాతపూర్వకంగా నిర్ణయించాలి. బిడ్డను మరో ఆసుపత్రికి పంపవలసి వస్తే తల్లినీ అదే అంబులెన్సులో పంపాలి. జిల్లాల నుంచి హైదరాబాదులోని నీలోఫర్ వంటి పెద్ద ఆసుపత్రులకు శిశువులను తరలించే తెలుగు రాష్ట్రాలకు ఈ చివరి అంశం మరింత ముఖ్యం. కాన్పు ఒకచోట, బిడ్డకు చికిత్స మరొకచోట అయినప్పుడు ఎడబాటు గోడతో ఆగదు, వంద కిలోమీటర్లు సాగుతుంది.

బాలింతనూ, బిడ్డనూ ఒకే మంచం మీద, ఒకే వెచ్చదనంలో ఉంచడం మన ఇళ్లకు తెలియని విషయమేమీ కాదు. వైద్యశాస్త్రం అనేక పరీక్షల అనంతరం దానికి శాస్త్రీయమైన సాక్ష్యం చూపింది. ఆ సాక్ష్యాన్ని ప్రపంచానికి అందించినవారిలో సఫ్దర్‌జంగ్ తల్లులు, ఫరీదాబాద్ పల్లెల తల్లులు ఉన్నారు. వారి బిడ్డలపై జరిగిన పరీక్షల ఫలితం వారివంటి తల్లులకే అందకపోవడం అన్యాయం. ఇందుకు విదేశీ సాంకేతిక విజ్ఞానం అక్కరలేదు, భారీ పెట్టుబడులు అక్కరలేదు. శిశు విభాగం తలుపు తెరిచి, లోపల మరో మంచం వేయాలి. ఆ పని ఆలస్యమైన ప్రతి రోజూ కాపాడగలిగి ఉండీ కాపాడుకోలేని పసిప్రాణాలు పోతూనే ఉంటాయి.