ఎల్ల దాటిన లాభము

నందిగామ నుండి బెజవాడకు బోవు హైదరాబాదు రహదారిపై పరిటాల గ్రామము గలదు. నేడా గ్రామము మీదుగా బోవు బాటసారికి ఎల్లరాయి ఎచ్చటను గానరాదు. కాని బ్రిటిషు ప్రభుత్వ కాలమున ఆ గ్రామమును, దాని చుట్టుపట్ల మఱికొన్ని గ్రామములును, కృష్ణా జిల్లా నడుమ నుండియు నైజాము రాజ్యమునకు జెందియుండెను. వజ్రములు దొరకు నేలలని యెంచి, ఉత్తర సర్కారులు కుంఫిణీ వారి వశమైన తరువాతను నిజాము ప్రభువు వీనిని విడువలేదు. 1947లో పరిటాల ప్రజలు ఆ పాలనను త్రోసివేసి తమది రిపబ్లికని చాటుకొనిన కథను ఈ సీమ పెద్దలు నేటికిని జెప్పుకొందురు. ఆ పాత యెల్లను మేము మఱియొక పనికై జ్ఞప్తికి దెచ్చుకొనుచున్నాము. ఆనాడు నందిగామ వర్తకుడొకడు పరిటాలలో అంగడి పెట్టి వంద రూపాయలు గడించినచో, ఆ లాభము పుట్టిన చోటు ఆదాయపు పన్ను చట్టము దృష్టిలో బ్రిటిషిండియా కాదు. బండి త్రోవలోని పొరుగూరిలో గడించిన సొమ్మునకు పన్ను ఎవరికి జెల్లవలెను? ఈ ప్రశ్న నేడు పరిటాలను విడిచి ప్రపంచమంతటను వ్యాపించినది.

పాత చట్టము దీనికి జెప్పిన సమాధానమును ముందు విన్నవింతుము. 1922 నాటి చట్టము ప్రకారము, ఎల్ల వెలుపల పుట్టిన వ్యాపార లాభమునకు, దానిని లోనికి దెచ్చినపుడు మాత్రమే పన్ను పడుచుండెను. 1939లో జరిగిన సవరణ ఈ పద్ధతిని మార్చి, ఇచ్చట నివాసియైనవాని యాదాయము ప్రపంచమున ఎచ్చట బుట్టినను పన్నునకు లోబడునని శాసించెను. అయినను స్వదేశ సంస్థానములలో బుట్టిన యాదాయమునకు మాత్రము, లోనికి దేనంతవఱకు పన్ను లేదను నియమము నిలిచెను. కావున జగ్గయ్యపేట వర్తకుడు కోదాడలోనో ఖమ్మములోనో సంపాదించిన లాభమును అచ్చటనే యుంచెనేని చట్టము వానిని ముట్టదు. పాలేరు దాటించి యింటికి దెచ్చెనేని పట్టుకొనును. ఎల్లకడ సరకుపై గొను కరోడ్‌గిరి సుంకము వేఱు, లాభముపై వేయు నీ పన్ను వేఱు. 1948లో నైజాము రాజ్యము దేశమున గలిసెను. 1950 ఏప్రిల్ 1వ తేదీ నుండి ఒకే ఆదాయపు పన్ను చట్టము రెండు తట్టులను వర్తించెను. 2014లో రాష్ట్రము విడిపోయి గరికపాడు చెంత మరల నొక యెల్ల వెలసినను, ఆదాయపు పన్ను కేంద్రమునది గనుక, ఆ చిక్కు మరల రాలేదు.

ఇది యెల్ల దాటి వెళ్ళిన వర్తకుని సంగతి. ఎల్ల కావలినుండి వచ్చిన వర్తకుని సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. నైజాము ప్రజయైన యొక షాహుకారు జగ్గయ్యపేటలో ఏజెంటు నుంచి సరకు అమ్మించుచున్నాడనుకొందము. వాడు మన వీథిలో నెన్నడును అడుగిడడు. అయినను ఆనాటి చట్టపు 42వ సెక్షను, వానికి ఇచ్చట 'వ్యాపార సంబంధము' గలదని యెంచి, లాభముపై పన్ను విధించెను. షాహుకారు చేతికి జిక్కడు గనుక ఏజెంటునే బాధ్యునిగా నిలువబెట్టి వసూలు చేయుటకు 43వ సెక్షను వీలు గల్పించెను. కాని వాని లాభమునంతయు గాక, ఇచ్చట జరిగిన పనికి దగిన భాగమును మాత్రమే పన్నునకు లోబఱచెను. ఇందు న్యాయము గలదు. ఏ యూరి బజారు, ఏ యూరి బాట, ఏ యూరి కచేరి ఆ లాభమునకు దోడ్పడెనో, ఆ యూరి ప్రభుత్వమునకు అందులో భాగము చెల్లవలెను. విదేశీ ప్రభుత్వము చేసిన చట్టమే యైనను ఈ సూత్రమును మేము శిరసావహింతుము.

అయితే లాభము గొనిపోవువాని దేశము ఊరకుండునా? వాడు మా నివాసి గావున పన్ను మాదే యని యదియు గోరును. ఒక్క సొమ్మునకు ఇరువురు ప్రభువులు చేయిచాపుదురు. ఈ తగవు దీర్చుటకై నానాజాతి సమితి వారి కోరికపై నలుగురు అర్థశాస్త్రజ్ఞులు 1923లో నివేదిక సమర్పించిరి. తరువాత ఆ సమితి యాధ్వర్యముననే, 1943లో మెక్సికోలో ఆదాయము పుట్టిన దేశమునకు అనుకూలముగా నొక ముసాయిదా, 1946లో లండనులో యజమాని నివసించు దేశమునకు అనుకూలముగా మఱియొక ముసాయిదా సిద్ధమాయెను. పెట్టుబడి పంపు దేశములకు లండను ముసాయిదా ప్రియము. పెట్టుబడి వచ్చి వాలు దేశములకు మెక్సికో ముసాయిదా ప్రియము. ఇందు వింత యేమున్నది? ఈ దేశపు ధనము సముద్రము దాటిపోవుచున్న తీరును దాదాభాయి నౌరోజీ లెక్కలు గట్టి 1901లో గ్రంథరూపమున వెలువరించెను. ఆ లెక్కలు జదివిన జాతికి, లాభము పుట్టిన చోటునకే మొదటి హక్కని వేఱుగా బోధింప నక్కఱలేదు.

ఈ వాదమునకు మన తెలుగు గడ్డపైననే యొక గొప్ప వ్యాజ్యము జరిగినది. 1993లో హైదరాబాదున వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్సు సంస్థ, 1997లో హెపటైటిస్-బి టీకాను స్వదేశమున దయారుచేసి చవుకగా బంచిపెట్టి పేరు గాంచినది. తరువాత దాని వాటాలలో నధికభాగము షాన్ హెచ్ అను ఫ్రెంచి కంపెనీ చేతిలో బడెను. 2009లో ఆ షాన్ హెచ్ వాటాలను వాని యజమానులు సనోఫీ యను మఱియొక ఫ్రెంచి కంపెనీకి అమ్మివేసిరి. శాంతా చేతులు మాఱినది. కాని హైదరాబాదులో నొక్క కాగితమైనను వ్రాయబడలేదు. విలువ యంతయు ఇచ్చటిది గావున పన్ను మాదని మన ప్రభుత్వము, అమ్మినది ఫ్రెంచి వాటాలు గావున పన్ను ఫ్రాన్సుదని కంపెనీలు వాదించినవి. 2013 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, 1992 నాటి భారత-ఫ్రాన్సు ఒప్పందము ప్రకారము పన్ను ఫ్రాన్సునకే చెందునని తీర్పు చెప్పెను. 2012లో వెనుకటి తేదీ నుండి వర్తించునట్లు పార్లమెంటు చేసిన సవరణ యైనను ఆ ఒప్పందమును మీఱజాలదనెను.

న్యాయవాద వృత్తిలో నున్న మేము ఈ తీర్పును దూఱము. చేవ్రాలు చేసిన మాటకు గట్టుబడుమనుట న్యాయస్థానపు ధర్మము. తప్పు ఆ మాట నిచ్చినవారిది. ఒప్పందమున హక్కును వదలుకొని, తరువాత వెనుకటి తేదీ శాసనముతో దానిని లాగుకొనబోవుట దొడ్డ ప్రభుత్వముల లక్షణము గాదు. పార్లమెంటే 2021లో ఆ సవరణను వెనుకటి తేదీకి వర్తింపజేయుటను ఉపసంహరించుకొనవలసి వచ్చెను. సరియైన త్రోవ వేఱొకటి యున్నది. మారిషస్ దీవితో గల ఒప్పందమును 2016లో తిరిగి మాటలాడి, 2017 ఏప్రిల్ 1 తరువాత గొన్న భారతీయ కంపెనీల వాటాలపై లాభమునకు పన్ను వేయు హక్కును మనవారు రాబట్టుకొనిరి. అడిగినచో దొరకునని దీనివలన దేలుచున్నది.

ఇక నేటి షాహుకారు ఏజెంటును గూడ నుంచడు. జగ్గయ్యపేటలో చీరల దుకాణదారు తన ప్రకటనను గూగులులోనో ఫేసుబుక్కులోనో వేయించి సొమ్ము చెల్లించును. చూచువారు మనవారు, కొనువారు మనవారు. లాభించు కంపెనీ యెక్కడనో నుండును. ఒప్పందములలో 'శాశ్వత వ్యాపార స్థానము' లేనిదే లాభముపై పన్ను లేదని యుండుటచే పాత వల యీ చేపకు జాలలేదు. అందుచే 2016 జూన్ నుండి ఇట్టి ప్రకటనల సొమ్ముపై నూటికి 6 చొప్పున సమీకరణ సుంకమును, 2020 ఏప్రిల్ నుండి విదేశీ కంపెనీల ఇంటర్నెట్ వర్తకముపై నూటికి 2 చొప్పున మఱియొక దానిని విధించిరి. అమెరికా దీనిని దుర్విచక్షణ యని నిందించి, 2021లో మన సరకులపై ఎదురు సుంకములు వేయుదునని బెదరించెను. 2 వంతుల సుంకము 2024 ఆగస్టు 1న, 6 వంతుల సుంకము 2025 ఏప్రిల్ 1న రద్దయ్యెను. విదేశీ కంపెనీకి ఇచ్చట 'గణనీయమైన ఆర్థిక ఉనికి' యున్నచో పన్ను వేయవచ్చునని మన చట్టమున 2018లోనే వ్రాసికొంటిమి. కాని ఒప్పందము గల దేశముల కంపెనీలపై ఆ మాట చెల్లదు. సొమ్మొకడిది, సోకొకడిది యను సామెతకు ఇంతకంటె దృష్టాంతము కావలెనా?

పెద్ద చేప యిట్లు వల దప్పించుకొనుచుండ, చిన్న చేప గతి యెట్లున్నదో చూడుడు. ఈ మెట్టసీమ బిడ్డలు వేలమైళ్ళ దూరమున గల్ఫులోను, అమెరికాలోను శ్రమించుచున్నారు. కువైటులో కారు నడుపు నొక యువకుడు జగ్గయ్యపేటలోని తన యింటిని 30 లక్షలకు అమ్ముకొనుచున్నాడనుకొందము. వానికి దక్కిన లాభము 5 లక్షలు. రెండేండ్లకు మించి తన చేతిలో నున్న యింటిపై లాభమునకు నూటికి 12½ వంతున, సెస్సు గాక, పన్ను 62,500 రూపాయలు. అది న్యాయము, ఇల్లు ఇచ్చటిది, లాభమిచ్చట బుట్టినది. కాని యిచ్చటి నివాసి అదే యింటిని అమ్మినచో, వెల 50 లక్షలకు లోబడినది గావున, కొనువాడు పైకము నుండి పన్ను పట్టుకొన నక్కఱలేదు. పరదేశవాసి అమ్మినచో అట్టి పరిమితి లేదు. లాభమింతయని అధికారి యొసగు ధ్రువపత్రము చేతికి రానిచో, కొనువాడు తన మెడకు జుట్టుకొనునను భయముచే మొత్తము వెలపై పట్టుకొనును: 3,75,000 రూపాయలు. మిగిలినది మఱుసటి యేట రిటర్ను వేసి తిరిగి పొందవలెను. చెల్లెలి పెండ్లికని ఇల్లమ్మినవానికి మఱుసటి యేడు వచ్చు సొమ్ము దేనికి? ధ్రువపత్రమిచ్చు అంతర్జాతీయ పన్నుల అధికారి జగ్గయ్యపేటలో నుండడు. కువైటులో నున్నవాడు సెలవుపై వచ్చిన నెలదినములలో ఆ కాగితము సంపాదించుట గోరుచుట్టుపై రోకటిపోటు. 1961 చట్టపు 195వ సెక్షనులోని యీ విధి, దాని స్థానమున వచ్చిన 2025 నాటి చట్టములోనికిని దిగివచ్చినది.

అమెరికాలో నున్నవానికి మఱియొక మెట్టు గలదు. ఇచ్చటి యింటి లాభముపై ఆ దేశమును పన్ను గోరును. 1989లో జరిగిన భారత-అమెరికా ఒప్పందము ఇచ్చట గట్టిన పన్నును అచ్చట తగ్గించుకొను వీలు గల్పించినది. కావున ఒప్పందములే వలదని మేమనుట లేదు. అవి మన బిడ్డలకు గొడుగు. ఆ గొడుగు నీడను కోటీశ్వర కంపెనీలు కాపురము పెట్టుటయే మా యభ్యంతరము.

మేము కోరునవి మూడు. మొదటిది: పన్ను చట్టము ద్వారా గాక విధింపరాదని రాజ్యాంగపు 265వ అధికరణము శాసించుచున్నది. విధించుటకు పార్లమెంటు కావలసియుండగా, వదలుకొనుటకు గెజెటులో నొక ప్రకటన చాలునా? పరదేశములతో జేయు ప్రతి పన్ను ఒప్పందమును ముందుగా ప్రచురించి పార్లమెంటు చర్చకు బెట్టవలెను. రెండవది: ఐక్యరాజ్యసమితి 2024 డిసెంబరులో అంతర్జాతీయ పన్నుల ఒడంబడికకు నియమావళి నంగీకరించినది, ఆ చర్చలలో మన ప్రతినిధులు, కొనుగోలుదారులున్న దేశమునకు లాభములో భాగము చెల్లవలెనని పట్టుబట్టవలెను. బెదరింపునకు విడిచిన సుంకమునకు బదులు ఒప్పందపు హక్కు రావలెను. మూడవది: పరదేశవాసి యమ్ము చిన్న యింటికిని 50 లక్షల పరిమితిని వర్తింపజేయవలెను; ధ్రువపత్రమును గోరిన నెలలోపల ఈయవలెను. ఈయనిచో అమ్మకపుదారు ప్రమాణపూర్వకముగా జూపిన లాభము మీదనే పన్ను పట్టుకొన వీలుండవలెను. పన్ను ఎగవేయువాడు స్వంత యింటిని రిజిస్ట్రారు కచేరిలో బహిరంగముగా నమ్మడు.

పఠనాలయములలో ఈ పత్రికను జదువు పెద్దలకు ఒక మనవి. మీ బిడ్డలు పరదేశమున నుండి ఇచ్చటి ఆస్తి నమ్మదలచినచో, బయానా పుచ్చుకొనుటకు ముందే ధ్రువపత్రమునకు దరఖాస్తు పెట్టుమని వారికి వ్రాయుడు. మీ పార్లమెంటు సభ్యుడు మీ యూరికి వచ్చినపుడు, ఒప్పందములను గూర్చి సభలో నెన్నిమాఱులు నోరు విప్పెనో యడుగుడు. పరిటాల ప్రజలు తమ నేలపై అధికారము తమదేయని ఒకనాడు చాటిరి. ఆ నేలపై బుట్టిన లాభములో తగిన పాలు తమదని జెప్పుకొనలేని జాతికి ఆ చాటింపు సగము మాత్రమే దక్కినట్లు.