నిశ్శబ్దాన్నీ కాపాడాలి

నలుగురు దొంగలు పారిస్‌లో ఒక నగల దుకాణానికి కన్నం వేస్తారు. పై అంతస్తు ఇంట్లో దూరి, నేలను కొద్దికొద్దిగా తొలుస్తారు. పెచ్చులు కింద పడి అలారం మోగకుండా, ఆ కన్నంలోంచి గొడుగు దించి విప్పుతారు. దాదాపు అరగంట సేపు మాట లేదు, సంగీతం లేదు. ఉలి చప్పుడు, ఊపిరి, అంతే. జూల్స్ దస్సాన్ 1955లో తీసిన ‘రిఫిఫి’కి ప్రాణం ఆ ఘట్టమే. సంగీత దర్శకుడు జార్జ్ ఓరిక్ దానికీ బాణీలు కట్టాడు. రెండు విధాలా వేయించుకుని చూశాక, సంగీతం వద్దని తానే అన్నాడు. ఆ ఏడాది కాన్ సినిమా ఉత్సవం దస్సాన్‌కు ఉత్తమ దర్శకుడి బహుమతి ఇచ్చింది.

‘రిఫిఫి’ లాంటి సినిమాను పునరుద్ధరించేటప్పుడు, బొమ్మ మీది గీతలు తుడవడం ఎంత అవసరమో, ఆ నిశ్శబ్దాన్ని చెక్కుచెదరకుండా ఉంచడమూ అంతే అవసరం. రొద తీసేయబోయి ఊపిరి చప్పుడునూ తీసేస్తే ఆ ఘట్టమే మిగలదు.

ఈ మాట మనకూ వర్తిస్తుంది. 1989 అక్టోబరు 5న విడుదలై తెలుగు సినిమా నడక మార్చిన రామ్‌గోపాల్ వర్మ ‘శివ’, అన్నపూర్ణ స్టూడియోస్ యాభై ఏళ్ల సందర్భంగా 2025 నవంబరు 14న 4కె రూపంలో మళ్లీ విడుదలైంది. నాటి మోనో (ఒకే ఛానెల్) శబ్దాన్ని కృత్రిమ మేధ సాయంతో చుట్టూ వినిపించే డాల్బీ అట్మాస్‌లోకి మార్చారు. కొత్త తరాన్ని హాలుకు రప్పించిన ఆ శ్రమ మెచ్చదగింది. అయితే ఆ సినిమాలో కథానాయకుడు సైకిల్ చైన్ తెంపిన క్షణాన 1989 ప్రేక్షకుడు విన్నది మోనోనే. ఆ శబ్దం కూడా భద్రంగా ఉండాలి, అడిగినవారికి వినపడాలి. మెరుగుపరచిన ప్రతి ఒక్కటే మిగిలితే, మూలం ఎలా ఉండేదో రేపటివారికి చెప్పే సాక్ష్యం ఉండదు.

2024లో నటుడు అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఆయన సినిమాలు పదింటిని 25 నగరాల్లో ప్రదర్శించింది. అలాంటి ప్రదర్శనలు మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా వంటి మన ఊళ్లకూ రావాలి. ఇక్కడి రాజురా ప్రాంతం 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే. గనుల్లో, మిల్లుల్లో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ మన రాష్ట్రంలోనే, పుణేలో ఉంది. ఇక్కడి తెలుగు సంఘాలు, హాళ్ల యజమానులు కలిసి దాన్ని ఈ ప్రదర్శనల కోసం అడగాలి. అడిగేటప్పుడు కొత్త శబ్దంతో పాటు పాత శబ్దంతోనూ ఒక ఆట వేయమనాలి. మన సినిమాను మన పిల్లలు రెండు విధాలా విని, తేడా తామే తేల్చుకోగలగాలి.