సముద్రానికి రీటేకుల్లేవు!

"ఫ్రెండ్సందరం కలిసి విశాఖపట్నం వెళుతున్నాం. రెండురోజులుంటాం. ఏమేం చూడాలో చెప్పండి సార్!" సెలవులు వచ్చాయంటే చాలు, ఇలాంటి ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అడిగేవాళ్ళంతా కుర్రకారే. వాళ్ళలో సగంమంది విశాఖను ముందు వెండితెర మీద చూసి, ఆ తర్వాత రైలు టిక్కెట్టు కొన్నవాళ్ళే! అందుకే ఈ వారం మన శీర్షికలో తారల కబుర్లకు సెలవు. విశాఖ తీరానికి పదండి.

విశాఖ సముద్రాన్ని కుర్రకారు గుండెల్లోకి పంపిన సినిమా అంటే చాలామంది ముందు చెప్పే పేరు "మరోచరిత్ర". 1978లో బాలచందర్ గారు తీసిన ఈ సినిమాలో రంగులు లేవు, అంతా బ్లాక్ అండ్ వైటే. కమలహాసన్ సరసన కొత్తమ్మాయి సరిత. విశాఖ, భీమిలి తీరాల్లో లోకనాథ్ కెమేరా తిరిగిన తీరు చూసి, సముద్రానికి నీలం రంగు లేకపోయినా ఫరవాలేదనుకున్నారు జనం. తమిళంలోకి డబ్బింగ్ చెయ్యకుండానే మద్రాసులో ఏడాదికి పైగా ఆడింది మరి! ఆ తర్వాత జంధ్యాల గారు కూడా ఈ ఊరిని ఎంతో ఇష్టంగా తన సినిమాల్లోకి తెచ్చుకున్నారు.

అయితే తెర మీద మూడు నిమిషాల పాటలో చూసేది వేరు, రెండురోజులు కాళ్ళరిగేలా తిరిగి చూసేది వేరు. నా మాట విని మొదటిరోజు తెల్లవారకముందే లేవండి. బీచికి కాదు, ఫిషింగ్ హార్బరుకి వెళ్ళండి. రాత్రంతా వేటాడిన బోట్లు ఒడ్డుకు చేరుతుంటాయి. వంజరం, చందువ, రొయ్యలు... గంపలకొద్దీ దిగుతాయి. వేలంపాట సినిమా డైలాగులకంటే స్పీడుగా సాగిపోతుంది. బేరం ఆడేదీ, గంప నెత్తికెత్తుకునేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళ పనికి అడ్డం రాకుండా ఓ పక్కన నిలబడి చూడండి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపలు గుడ్లుపెట్టే కాలమని మరబోట్ల వేట నిషేధం. ఆ 61 రోజుల్లో వెళితే లంగరేసిన బోట్లే కనిపిస్తాయి!

అక్కడే ఓసారి వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని అడిగాను, "రోజూ సముద్రంలోకి వెళతారు కదా, భయం వెయ్యదా?" అని. ఆయన సూది ఆపకుండానే అన్నాడు: "కెరటం ఎదరకొచ్చినప్పుడు మీరు సూత్తారు బాబూ. ఎనక్కెల్లినప్పుడు మేం సూత్తాం."

ఈ మాట ఓ పక్కన పెట్టుకోండి. మళ్ళీ దీనితో పనుంది.

హార్బరు నుంచి ఆర్కే బీచికొస్తే, ఇసుకలో సాక్షాత్తూ ఓ జలాంతర్గామి! పేరు ఐ.ఎన్.ఎస్. కురుసుర. 1969లో మన నౌకాదళంలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. లోపలికి వెళితే గుండ్రటి ద్వారాల్లోంచి ఒళ్ళు వంచి దూరాలి. ఒకరు నిద్రపోయేచోట మరొకరు నిలబడడానికి జాగా ఉండదు. 2017లో వచ్చిన "ఘాజీ" చూశారు కదా? అందులోని పాకిస్తాన్ జలాంతర్గామి 1971 డిసెంబరులో నిజంగా మునిగింది ఈ విశాఖ తీరంలోనే. అది తలుచుకుంటూ కురుసుర లోపల నడిచి చూడండి, ఒళ్ళు జలదరించకపోతే నన్నడగండి! రోడ్డుకు అవతల టి.యు. 142 విమానం కూడా మ్యూజియంగా ఉంది. సోమవారాలు తలుపులు మూసి ఉంటాయి, మిగతారోజుల్లో వేళలు ముందే కనుక్కుని వెళ్ళండి.

మధ్యాహ్నం ఎండకి ఎక్కడికెళతారు? సినిమాకే! జగదాంబ సెంటరుకి ఆ పేరొచ్చింది జగదాంబ థియేటరు వల్లే. సినిమాహాలు పేరు కూడలికి పెట్టుకున్న ఊరంటే మనబోటి వాళ్ళకు పుట్టిల్లు కాదూ! సాయంత్రం బీచిరోడ్డులో మురీ మిక్స్చరు పొట్లం చేతిలో ఉంటే ఆ రోజుకి లోటేముంది?

రెండోరోజు భీమిలి రోడ్డు. ఆర్టీసీ కాంప్లెక్సులో "బీచిరోడ్డు మీదుగా వెళ్ళేది" అని అడిగి మరీ బస్సెక్కండి. ఓ పక్క కొండలు, ఓ పక్క సముద్రం. కైలాసగిరి, రుషికొండ దాటాక తొట్లకొండ వస్తుంది. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్లే ఆ పేరు. రెండువేల ఏళ్ళనాడు అక్కడ బౌద్ధభిక్షువులు నివసించారు. కొండమీంచి సముద్రాన్ని చూస్తే, చోటు ఎంచుకోవడంలో వాళ్ళు మన కెమేరామన్లకేం తీసిపోరనిపిస్తుంది!

ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళపాటు గాలీ, సముద్రం, వానా కలిసి వేసిన సెట్టింగు అది. ఎందరో హీరోహీరోయిన్లు ఆ దిబ్బల మధ్య పరుగులు తీశారు. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. దయచేసి దిబ్బలెక్కి జారకండి, పేర్లు చెక్కకండి. రాలిన మట్టిని తిరిగి అతికించే ఆర్ట్ డైరెక్టర్ ఇంకా పుట్టలేదు. చివరికి భీమిలి. గోస్తనీనది సముద్రంలో కలిసేచోట కాసేపు కూర్చోండి. పక్కనే డచ్చివాళ్ళ పాతసమాధులున్నాయి.

ఇక అసలు సంగతి. ఇందులో ఎక్కడా "సముద్రంలో దిగి స్నానం చెయ్యండి" అని నేను రాయలేదు, గమనించారా? మతిమరుపు కాదు, కావాలనే రాయలేదు. తెర మీద హీరో కెరటాల్లోకి దూకుతాడు, హీరోయిన్ చెయ్యి పట్టుకుని నవ్వుతూ బయటికొస్తాడు. ఫ్రేము బయట ఈతగాళ్ళుంటారు, తాళ్ళుంటాయి, "కట్" చెప్పే డైరెక్టరుంటాడు. మీకు కట్ చెప్పేదెవరు? సరదాగా స్నేహితులతో వచ్చి, ఒకరు తక్కువగా ఇంటికెళ్ళిన జట్ల వార్తలు ఈ తీరం నుంచి ఏటా వస్తూనే ఉన్నాయి.

పెద్దాయన చెప్పింది ఇదే. కెరటాలు ఒడ్డుకు తోసిన నీళ్ళు వెనక్కి పోవాలి కదా! ఇసుకతిన్నెల మధ్య సందు దొరికిన చోట అవన్నీ గుమిగూడి ఒక్క పాయలా లోపలికి లాగుతాయి. చిత్రమేమిటంటే, ఆ చోట కెరటాలు విరగవు. పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. "ఇక్కడైతే బాగుంది" అని కుర్రాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు! నడుంలోతు నీళ్ళలో ఉన్నవాణ్ణి కూడా అది లాక్కుపోగలదు. ఒడ్డుకేసి ఎదురీదితే ఎంతటి ఈతగాడైనా అలిసిపోతాడు. అలా చిక్కుకుంటే ముందు తేలుతూ ఉండాలి, చెయ్యెత్తి పిలవాలి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ పాయ వెడల్పు తక్కువే, దాటితే కెరటాలే ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డునున్న స్నేహితులు వెంటనే దూకేయకూడదు. అలా ఒకరికోసం ఇంకొకరు దూకే ఇద్దరూ పోతుంటారు! తేలే వస్తువేదైనా విసరండి, లైఫ్‌గార్డుని కేకెయ్యండి, 112కి ఫోన్ చెయ్యండి. ఎర్రజెండా ఉన్నచోట, గార్డు లేనిచోట పాదాలు తడిస్తే చాలు.

సినిమాలో హీరో మునిగితే ఇంటర్వెల్ తర్వాత తేలతాడు. మనకా సౌకర్యం లేదు మిత్రులారా! విశాఖ వెళ్ళండి, కళ్ళారా చూడండి, కడుపునిండా తినండి. ఎంతమంది వెళ్ళారో అంతమందీ తిరిగిరండి. వచ్చాక ఏం చూశారో మాకో ఉత్తరం ముక్క రాయండి.