చారిత్రక రహస్యకథలు: మన దిబ్బల సాక్ష్యము

సంగారెడ్డికి సమీపమందలి కొండాపురమున కోటగడ్డ యను దిబ్బ యొకటి కలదు. 1940వ సంవత్సరము మొదలు రెండేండ్లపాటు హైదరాబాదు పురావస్తుశాఖవారు గులాం యజ్దానీగారి ఆధ్వర్యమున దానిని త్రవ్వించిరి. ఇటుక కట్టడములు, బౌద్ధాలయముల పునాదులు, మట్టిబొమ్మలు, పూసలు, సుమారు 2000 నాణెములు బయల్పడినవి. నాణెముల తయారీకి సంబంధించిన పరికరములు కూడ దొరకుటచే శాతవాహనుల టంకశాల యిచ్చట నుండెనని పండితులు తలంచిరి. వానితోపాటు రోమక చక్రవర్తి యగు ఆగస్టసు బంగారు నాణె మొకటి లభించినది. సముద్రమునకు సుమారు రెండువందల మైళ్ల దూరమున నున్న యీ మెట్టభూమికి ఆ నాణెమును ఎవరు తెచ్చిరి? తెచ్చినవాడు వర్తకుడా, భిక్షుసంఘమునకు దానమొసగిన గృహస్థుడా, కరగించి వేరొక నగ చేయదలచిన కంసాలియా? అంత విలువగల వస్తువును మంటిపాలు చేసి పోవలసిన యగత్య మెవరికి కలిగినది? చరిత్రగ్రంథము ఈ ప్రశ్నను మిగిల్చి యూరకుండును. ఆ ప్రశ్నను చేపట్టి నడచునదే చారిత్రక రహస్యకథ.

ఇట్టి కథలనిన పాఠకులకు ఇంత మక్కువ యేల కలుగుచున్నది? కాలక్షేపమే కారణమందురు కొందరు. ఈ సమాధానము చాలదు. కాలక్షేపమునకు కథలు కొల్లలుగ గలవు. ఈ జాతి కథకు ప్రత్యేకమైన ఆకర్షణ యున్నది. దానికి మూడు కారణములు మాకు తోచుచున్నవి.

మొదటిది బుద్ధికి సంబంధించినది. నేటి అపరాధపరిశోధకునికి వ్రేలిముద్రలు, రక్తపరీక్షలు, టెలిఫోను లెక్కలు, వీథి కెమేరాలు తోడ్పడుచున్నవి. అచ్చట యంత్రము చెప్పును, పాఠకుడు వినును. కాకతీయులనాటి తలారికి కన్ను, చెవి, తర్కము, మనుష్యస్వభావజ్ఞానము తప్ప వేరాయుధము లేదు. ఆ యాయుధములు పాఠకునికిని గలవు. కావున అతడు కథానాయకునితో సరిసమానుడై సత్యాన్వేషణమునకు బయలుదేరును.

రెండవది గతమును చూచు దృష్టికి సంబంధించినది. పాఠశాలలో మనము చదివిన చరిత్ర రాజుల పట్టాభిషేకముల పట్టిక. కాని నేరమొకటి జరిగిన దనుకొనుడు: కోటతలుపు లేజామున మూయుదురు? దీపమున నే నూనె పోయుదురు? అంగడిలో తూకమును పరీక్షించువా డెవడు? ఒక యూరినుండి మరియొక యూరికి ఎడ్లబండి యెన్నినాళ్లకు చేరును? వీనినన్నిటిని తేల్చినగాని దొంగ దొరకడు. విచారణ నెపమున ఆ కాలపు జీవితమంతయు పాఠకుని యెదుట నిలుచును.

మూడవది న్యాయమునకు సంబంధించినది. శాసనములయందు దాతల పేర్లు గలవు. చెరువు త్రవ్విన కూలివాని పేరు లేదు. రహస్యకథయందన్ననో మంత్రియు, చాకలియు విచారణకర్త యెదుట నొకేతీరున జవాబు చెప్పవలసినవారే. చరిత్ర నోరు నొక్కినవారికి కథ సాక్ష్యమిచ్చు హక్కు నొసగుచున్నది.

ఇది పరదేశీయమైన రుచి యనుటయు పొరబాటే. విశాఖదత్తుని ముద్రారాక్షసమును స్మరింపుడు. యమపటమును చూపి యిల్లిల్లు తిరుగు గూఢచారి, గడపయొద్ద దొరకిన యుంగరము, ఆ ముద్రతో పుట్టిన కూటలేఖ, ఆ లేఖవలన రాక్షసునికిని మలయకేతునికిని నడుమ కలిగిన యవిశ్వాసము: ఇవియే గదా ఆ నాటకమునకు ప్రాణము. శృంగారమును నమ్ముకొనక, బుద్ధిబలమునే నమ్ముకొని నడచిన కావ్యమది. తెలుగున వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897లో ప్రతాపరుద్రీయ నాటకమున ఆ మార్గమునే తొక్కిరి. ఉన్మత్తునివలె నటించు మంత్రి యుగంధరుని, రాజును పోలిన చాకలి పేరిగాని తెలుగు ప్రేక్షకులు తరములపాటు మరువలేదు.

పిమ్మట మన సాహిత్యమున నీ రెండు పాయలు విడిపోయినవి. 1906లో స్థాపింపబడిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చారిత్రక నవలలకు పోటీలు పెట్టి ప్రోత్సహించినది. అడివి బాపిరాజుగారి హిమబిందు, గోన గన్నారెడ్డి నవలలును, నోరి నరసింహశాస్త్రిగారి నారాయణభట్టు, రుద్రమదేవి నవలలును ఆ పాయలో పెరిగినవి. వేరొకదెస కొమ్మూరి సాంబశివరావుగారు డిటెక్టివు యుగంధరును సృష్టించి లక్షలాది పాఠకులను కట్టివేసిరి. ఒకటి గౌరవము నందినది. రెండవది రైలుబండిలో చదివి విడిచివేయు పుస్తకముగ నెంచబడినది. ఇతరదేశములయందు అగాథా క్రిస్టీ 1944లో ప్రాచీన ఐగుప్తమున హత్యాకథను నడపినది. ఉంబెర్తో ఎకో 1980లో ఇటలీదేశపు క్రైస్తవమఠమున విచారణను నడపి విద్వాంసుల మన్ననకు పాత్రుడయ్యెను. వంగదేశమున శరదిందు బంద్యోపాధ్యాయ యొకచేత వ్యోమకేశుని పరిశోధనలును, మరియొకచేత విజయనగరచరిత్రాధారమగు తుంగభద్రార్ తీరే నవలయును రచించెను. మనవారికి ఇట్టి కలయిక యేల పట్టుబడలేదు? చరిత్ర పూజనీయమనియు, విచారణ హీనమనియు పెట్టుకొన్న తారతమ్యమే దీనికి కారణమని మా యభిప్రాయము. పూజించువాడు ప్రశ్నింపడు; ప్రశ్నింపనివానికి రహస్యము కనబడదు.

ఈ తారతమ్యమువలన కలుగు నష్టము సాహిత్యమునకు మాత్రమే పరిమితము కాదు. ప్రతాపరుద్రీయమున యుగంధరుడు రాజును ఢిల్లీ చెరనుండి విడిపించి తెచ్చును. విలస తామ్రశాసనము ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున మరణించెనని చెప్పుచున్నది. 1423 నాటి కలువచేరు శాసనమున నతడు స్వేచ్ఛగ దివికేగెనని యున్నది. రోగమా, అవమానమును సహింపలేని యాత్మత్యాగమా? రాజు తిరిగివచ్చిన నాటకము మనకు తీపి. రాజు తిరిగిరాని శాసనము చేదు. తీపినే చరిత్రయని నమ్మిన జాతి తన యోటమికి కారణముల నరయజాలదు.

రుద్రమదేవి విషయము మరింత బోధకరము. ఆమె పాలనము 1295 ప్రాంతమువరకు సాగినదని చరిత్రకారులు చిరకాలము లెక్కించిరి. నల్లగొండ మండలమందలి చందుపట్లలో దొరకిన చిన్న శాసనము ఆ లెక్కను తలక్రిందులు చేసినది. 1289 నవంబరు 27వ తేదీగల యా శాసనమును పువ్వుల ముమ్మడి యను సామాన్య సేవకుడు, శివలోకమున కేగిన కాకతి రుద్రమదేవికిని సేనాపతి మల్లికార్జుననాయకునికిని పుణ్యముగ వేయించినాడు. రాణియు సేనాపతియు నొకేమారు పేర్కొనబడుటచే, తిరుగుబాటుచేసిన అంబదేవునితోడి పోరాటమున నిరువురును మడిసియుందురని పండితులు నిర్ణయించుచున్నారు. ఏ యాస్థానకవియు చెప్పని మాటను ఊరిలో పడియున్న యొక రాయి చెప్పినది. బాపిరాజుగారి కాలమునకు ఈ సాక్ష్యము వెలికి రాలేదు. ఆ రాయిని ఎవడైన పగులగొట్టి గోడకు పెట్టుకొనియున్నచో నేటికిని మనకు తెలిసియుండెడిది కాదు.

ఇక మన పటాన్‌చెరువును చూతము. చాళుక్య శాసనములందు కానవచ్చు పొట్టలకెఱె ఇదియే యని చరిత్రజ్ఞులు గుర్తించినారు. పదునొకండవ శతాబ్ది పూర్వార్ధమున పాలించిన రెండవ జయసింహ జగదేకమల్లుని నెలవీడు ఇది. జైనమతము నవలంబించిన యీ రాజును, రాణి సుగ్గలదేవి ప్రోద్బలమున జేడర దాసయ్య వాదమున జైనుల నోడించి శైవునిగ మార్చెనని వీరశైవ పురాణకథలు చెప్పుచున్నవి. ఆ కథలు గెలిచినవారి వాఙ్మూలము. ఓడినవారి వాఙ్మూలము గ్రంథరూపమున మనకు చిక్కలేదు; పటాన్‌చెరువునుండి హైదరాబాదు మ్యూజియమునకు చేరిన నల్లరాతి పార్శ్వనాథ, మహావీర విగ్రహములే వారి పక్షమున నిలిచిన సాక్షులు. అయితే వానిలో కొన్ని పండ్రెండవ శతాబ్దివని చెప్పుదురు. రాజు మారిన శతాబ్దము పిమ్మటను జైనశిల్పి యిచ్చట ఉలి పట్టియున్నచో, ఒక్క వాదముతో నొక మతమంతయు నశించెనను కథను యథాతథముగ నెట్లు నమ్ముదుము? మంచి రహస్యకథకు ఇంతకన్న మంచి వస్తువు వేరొకటి లేదు. అది శైవుని దోషిగ నిలుపుటకు గాని జైనుని హాస్యపాత్రముగ జేయుటకు గాని వ్రాయదగినది కాదు. ఉభయపక్షముల సాక్ష్యమును విని, తొందరపడి తీర్పు చెప్పకుండుట యను శిక్షణ ఈ కథాప్రక్రియలోనే యున్నది. మతముపేర గతమును తవ్వి నేటి పగలకు ఎరువు వేయుచున్న యీ దినములలో నా శిక్షణ దేశసేవయే.

కాని సాక్ష్యము మిగిలినపుడే విచారణ. 1960 దశకమున రామచంద్రాపురమున భారీ విద్యుత్పరికరముల కర్మాగారము వెలసినది. 1972లో పటాన్‌చెరువున ఇక్రిశాట్ పరిశోధనాలయము వచ్చినది. మందుల కార్ఖానాలు వరుసకట్టినవి. 2008లో స్థాపింపబడిన ఐఐటీ నేడు కందియొద్ద నున్నది. ఈ యభివృద్ధిని మేము కాదనము. వేలాది కుటుంబములకు అన్నము పెట్టుచున్న పొయ్యి యది. అయినను ఆ పొయ్యి పొగను గూర్చి గూడ చెప్పవలెను. నక్కవాగు నీరు చెడినపుడు ఆ మొర 1990లో సుప్రీంకోర్టు నెక్కినది. నీరు చెడినచో బ్రతికియున్నవాడు మొరపెట్టుకొనును. మట్టి తరలిపోయినచో మొరపెట్టుటకు చచ్చినవాడు రాలేడు. భూమి గజముల లెక్కను అమ్ముడుపోవుచోట ఒక దిబ్బను ఒక్క జేసీబీ యొక్కపూటలో చదును చేయగలదు. అందులోని నాణెమును మ్యూజియమున కిచ్చినను, అది యే పొరలో, యే కుండప్రక్కన, యే గోడక్రింద నుండెనో చెప్పువాడు లేనిచో ఆ సాక్షి మూగవాడే.

భూస్వాములకును పట్టణవాసులకును మా మనవి యిది. మీ పొలమున అక్షరముగల రాయి, చెక్కిన విగ్రహము, పాత యిటుక కానవచ్చినచో కదలింపక, సున్నము పూయక, ఛాయాచిత్రము తీసి తహసీలుదారుకును పురావస్తుశాఖకును తెలుపుడు. లేఅవుటు వేయుటకు ముందు పాత దిబ్బలను పరీక్షింపించు నియమమును ప్రభుత్వము కట్టుదిట్టముగ నమలుచేయవలెను. ఇది క్రొత్తగ నేర్వవలసిన పనికాదు. లక్ష్మణరాయ పరిశోధకమండలివారు నిజాము పాలనములోనే యూరూర శాసనములను సేకరించి 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించిరి. తెలంగాణమున కవులే లేరన్న యాక్షేపణకు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 కవుల గోలకొండ కవుల సంచికతో జవాబు చెప్పిరి. ఆయన యధ్యక్షతన 1930లో నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ తొలిమారు కూడినది నేటి సంగారెడ్డి మండలమందలి జోగిపేటలోనే. వారు కోపమునకు కోపము చూపక సాక్ష్యము చూపినారు. పరిశోధకుని లక్షణ మదియే.

రచయితలకును ఒక్కమాట. ఓరుగల్లును, హంపిని, అమరావతిని మీరు చాల వర్ణించినారు. పొట్టలకెఱె వాదసభయు, కొండాపుర టంకశాలయు మీకొరకు వేచియున్నవి. కల్పింపుడు, కల్పన మీ హక్కు. కాని గ్రంథాంతమున నేది శాసనస్థమో, యేది మీ యూహయో పాఠకునికి విడదీసి చెప్పుడు. అంత నిజాయితీగల కథను చదివినవాడు మరునాడు తన యూరి చెరువుగట్టున బోర్లపడియున్న రాతిని ఊరక దాటిపోడు. నిలిచి, దానిపై నేమి వ్రాసియున్నదో చూచును. ఆ చూపు మనజాతి కలవడినచో మన దిబ్బలకు కావలివారు వేరుగ నక్కరలేదు.